హైవ్ రెండేళ్ళుగా ఆడుతున్నాను, ఇప్పటికీ చీమను తొందరపడే దించుతున్నాను

చెస్ కాస్తో కూస్తో వచ్చినవాళ్ళకి హైవ్ అనే ఈ ఇద్దరాడే బోర్డ్ గేమ్‌లో మొదటి నాలుగైదు ఆటలు గట్టి దెబ్బే. మా అక్కకి చెస్ అంటే పడదు, "నువ్వేవో ఓపెనింగులు బట్టీ పట్టుకొచ్చి నా మీద ప్రయోగిస్తావు, అదేం ఆటరా" అంటుంది. అందుకని ఇద్దరికీ కొత్తదైన ఆట ఏదైనా ఉంటే బాగుండునని వెతికి దీన్ని తెచ్చాను. రూల్స్ నేనే చదివి, నేనే తనకి చెప్పి, గెలుస్తానన్న ధీమాతో కూర్చున్నాను. ఇరవై నిమిషాలు తిరిగేసరికి నా పదకొండు బిళ్ళలూ టేబుల్ మీదే ఉన్నాయి, ఒక్కదాన్నీ తను తినలేదు, అసలు తినడమనేదే ఈ ఆటలో లేదు, కానీ వాటిలో కదిలేవి రెండే, ఆ రెండూ ఎందుకూ కొరగానివి. ఏది ముట్టుకున్నా "అది తియ్యకూడదురా, పట్టు తెగిపోతుంది" అంటోంది అక్క. నేను చెప్పిన రూలే నాకు తిరిగి చెప్తోంది.

ఇది జరిగి రెండేళ్ళయింది. ఆ తర్వాత ఎన్ని ఆటలాడామో లెక్క లేదు, ఓడినవే ఎక్కువ. ఇద్దరు కూర్చుని బుర్ర పెట్టి ఆడుకునే ఆటల్లో నేను ఇన్నిసార్లు సంచి విప్పింది ఇంకొకటి లేదు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ముందు ఇదేంటో తెలియనివాళ్ళకి. పేరుకి బోర్డ్ గేమ్, బోర్డు మాత్రం ఉండదు. ఒక జిప్పు సంచి, అందులో ఆరు పలకల బిళ్ళలు 22, ఒక్కొక్కరికి 11. ఒకరివి తెలుపు, ఇంకొకరివి నలుపు. ప్రతి బిళ్ళ మీదా ఒక పురుగు చెక్కి ఉంటుంది. రాణి తేనెటీగ ఒకటి, సాలీళ్ళు రెండు, పెంకుపురుగులు రెండు, మిడతలు మూడు, చీమలు మూడు. (సాలీడు పురుగు కిందికి రాదు కదా అంటారేమో, అక్క కూడా మొదటి రోజే అంది, దానికి నేనేం చేయను.) జాన్ యాని అనే డిజైనర్ తయారుచేశాడు, 2001లో బయటికొచ్చింది, 2006లో మెన్సా అనే తెలివైనవాళ్ళ సంఘం మంచి ఆటలకిచ్చే మెన్సా సెలెక్ట్ ముద్ర కూడా పడింది. పాచికలు లేవు, పేకముక్కలు లేవు, చేతిలో దాచుకునేది ఏదీ లేదు. ఓడిపోతే అదృష్టం మీదికి నెట్టేసే సౌకర్యం లేదన్నమాట.

ఎదుటివాళ్ళ రాణి చుట్టూ ఆరు పక్కలూ నిండిపోతే మీరు గెలిచినట్టు. ఎవరి బిళ్ళలతో నిండాయన్నది అనవసరం, వాళ్ళ సొంత బిళ్ళలైనా లెక్కలోకే వస్తాయి, నిజానికి సగం ఆటల్లో మన రాణిని ఊపిరాడకుండా చేసేది మనవాళ్ళే. మీ వంతు వచ్చినప్పుడు కొత్త బిళ్ళను దించొచ్చు, లేదా దించినదాన్ని కదపొచ్చు, అంతే. మొదటి ఎత్తులో ఇద్దరి బిళ్ళలూ ఆనుకోక తప్పదు గానీ, ఆ తర్వాత కొత్తగా దించే ఏ బిళ్ళయినా సొంత రంగునే తాకాలి, ఎదుటి రంగు అంచు కూడా తగలకూడదు. రాణిని మీ నాలుగో ఎత్తు దాటకుండా దించేయాలి, అది దిగేదాకా మీ బిళ్ళ ఏదీ కదలదు. పోటీల్లో అయితే మొట్టమొదటి ఎత్తులోనే రాణిని పెట్టకూడదన్న నియమం కూడా ఉంది, మేమూ అదే పాటిస్తాం. ఇదంతా చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు.

అసలు కిటుకంతా రెండు నియమాల్లో ఉంది.

మొదటిది, టేబుల్ మీదున్న బిళ్ళలన్నీ ఎప్పుడూ ఒకే ముద్దగా అంటుకుని ఉండాలి. మేము దాన్ని పట్టు అంటాం, తేనెపట్టులాగా. మీరు ఒక బిళ్ళను ఎత్తితే మిగతావి రెండు ముక్కలయ్యే పరిస్థితి ఉంటే ఆ బిళ్ళను ఎత్తకూడదు, ఎత్తి ఇంకోచోట పెట్టాక మళ్ళీ అతుక్కుంటుంది కదా అంటే కుదరదు, గాల్లో ఉన్న ఆ ఒక్క క్షణం కూడా తెగకూడదు. రెండోది, బిళ్ళ టేబుల్ మీద జారుతూ వెళ్ళాలి. రెండు బిళ్ళల మధ్య సందు ఇరుకుగా ఉండి పక్కవాటిని జరపకుండా దూరలేకపోతే అక్కడికి వెళ్ళడానికి లేదు. ఈ రెండోదాన్ని కాయితం మీద చదివితే అర్థం కాదు. బిళ్ళను వేలితో నెట్టి చూస్తే ఒక్క సెకనులో తెలిసిపోతుంది, పట్టనిది పట్టదు, వాదనే ఉండదు. తొండి ఆడే అవకాశం కూడా ఆ మేరకు తగ్గింది.

పురుగుల సంగతికొస్తే, రాణి ఒక్క గడి కదులుతుంది, చెస్‌లో రాజుకున్నంత బద్ధకం. చీమ పట్టు అంచు వెంబడి ఎంత దూరమైనా తిరిగి ఎక్కడైనా ఆగుతుంది, ఇరుకు సందుల్లోకి తప్ప. మొదట్లో అందరూ చీమల మీదే ఆట నడుపుతారు, నేను ఇప్పటికీ అదే తప్పు చేస్తున్నాను, దాని గురించి కింద చెప్తా. మిడత వరసగా ఉన్న బిళ్ళల మీదుగా తిన్నగా ఎగిరి అవతల మొదటి ఖాళీలో వాలుతుంది, కనీసం ఒక్క బిళ్ళనైనా దాటాలి. జారడం దాని లెక్కలో లేదు కాబట్టి చీమ దూరలేని సందులో మిడత దిగుతుంది. సాలీడు సరిగ్గా మూడు గడులు నడవాలి, రెండు కాదు, నాలుగు కాదు, వెనక్కి తిరగకూడదు. సాలీడు ఎప్పుడూ కావలసిన చోటికి ఒక గడి ఇవతలో ఒక గడి అవతలో ఆగుతుందని నా అనుభవం, అక్క మాత్రం దాన్ని ఎక్కడ పెడితే మూడు అడుగుల్లో ఎక్కడికొస్తుందో ముందే లెక్కేసుకుని దించుతుంది.

పెంకుపురుగు వేరే రకం. ఒక్క గడే కదులుతుంది గానీ ఇతర బిళ్ళల నెత్తి మీదికి ఎక్కగలదు. అది ఎక్కి కూర్చుంటే కిందున్నది కదలదు. ఇంకో చిక్కేంటంటే అప్పటినుంచి ఆ గడి పైనున్నదాని రంగు కిందే లెక్క. మీ రాణి మీద నల్ల పెంకుపురుగు ఎక్కిందనుకోండి, ఆ గడి నల్లదైపోయింది, పక్కన మీ తెల్ల బిళ్ళలు తగలని ఖాళీ ఉంటే నలుపు ఆటగాడు సంచిలోంచి కొత్త బిళ్ళను తిన్నగా మీ రాణి పక్కనే దించుతాడు. మామూలుగా అయితే అక్కడికి నడిచి రావాల్సిందే. పెంకుపురుగు మెల్లగా, ఒక్కో ఎత్తుకి ఒక్కో గడి, మీ రాణి వైపు పాక్కుంటూ వస్తుంటే చూస్తూ కూర్చోవడం మహా టెన్షన్. అది నాలుగు ఎత్తుల దూరంలో ఉందని తెలుసు, రాణిని ఎటు జరిపినా వెనకాలే వస్తుందనీ తెలుసు, దాన్ని ఆపడం ఎలాగో మాత్రం ఆ నాలుగు ఎత్తుల్లో తట్టదు.

ఇప్పుడు అసలు సంగతి. చెస్ అలవాటున్నవాడు ఎన్ని పావులు మిగిలాయని లెక్కపెడతాడు. ఇక్కడ చివరిదాకా అన్నీ మిగిలే ఉంటాయి, లెక్కపెట్టాల్సింది కదిలేవి ఎన్ని అని. అక్క ఆట మధ్యలో ఆగి వేలితో గాల్లో నా బిళ్ళలూ తన బిళ్ళలూ చూపిస్తూ గొణుక్కుంటుంది, "నీవి మూడు, నావి ఐదు" అని. మొదట్లో అదేం లెక్కో నాకు అర్థమయ్యేది కాదు, రాణి చుట్టూ ఎన్ని చేరాయా అని చూసుకునేవాణ్ణి. ఐదు వైపులా మూసేసి ఆరోదాన్ని మూయడానికి కదిలే బిళ్ళ ఒక్కటీ లేక ఓడిపోయిన ఆటలు నావి బోలెడు.

ఎదుటిదాన్ని కదలకుండా చేయడానికి అన్నిటికంటే చవకైన పద్ధతి, మేము తోక పట్టుకోవడం అంటాం. ఎదుటివాళ్ళ చీమ ఒకటి పట్టు చివర వేలాడుతూ ఉంది, ఎక్కడికైనా వెళ్ళగలదు, ప్రమాదం. మీరు మీ చీమను తీసుకెళ్ళి దానికి అవతలి వైపు, దాన్ని మాత్రమే తాకేలా ఆనించండి. ఇప్పుడు వాళ్ళ చీమ కదిలితే మీ చీమ విడిపోతుంది, కాబట్టి అది కదలకూడదు. మీ చీమ మాత్రం చివరనే ఉంది, అది ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళిపోవచ్చు. ఒక్క ఎత్తుతో వాళ్ళ బలమైన బిళ్ళ ఒకటి కొయ్యైపోయింది, మీదేమీ ఖర్చు కాలేదు. వాళ్ళు ఊరుకోరు, ఇంకో చీమ తెచ్చి మీ చీమ తోక పట్టుకుంటారు. అలా ఒకదాని వెనక ఒకటి నాలుగైదు చీమలు రైలు పెట్టెల్లా బారుగా తయారై, ఆఖరిది ఎవరిదైతే వాళ్ళే హాయిగా ఉంటారు. అందుకే చీమలను ముందే దించేస్తే నష్టం. మొదట దించిన బిళ్ళలు పట్టు నడిమధ్యలో కూరుకుపోతాయి, వాటి చుట్టూ మిగతావి చేరాక ఇక బయటికి రావు. కూరుకుపోయినా బాధ లేనివాటిని, సాలీళ్ళలాంటివాటిని ముందు పెట్టి, చీమలను సంచిలోనే ఉంచి అవసరమైనప్పుడు దించాలి. ఇది నాకు తెలుసు. తెలిసి కూడా మూడో ఎత్తులో చెయ్యి చీమ మీదికే పోతుంది.

ఒక ఆట గురించి చెప్పాలి, ఇప్పటికీ గుర్తొస్తే ఉడుకుమోత్తనం వస్తుంది. నా రాణి చుట్టూ ఐదు నిండాయి, మూడు నావి, రెండు తనవి. ఒక్క ఖాళీ మిగిలింది. తన చీమ ఒకటి బయట తయారుగా ఉంది, వచ్చి దూరితే ఆట అయిపోయినట్టే. ఆ ఖాళీకి ఒక పక్క అప్పటికే నా సాలీడు గోడలా ఉంది. నేను తెలివిగా నా చీమను తెచ్చి ఆ సాలీడుని ఆనించి, రాణికి సూటిగా ఎదురుగా, ఖాళీకి అవతల పెట్టాను. చూడ్డానికి ఇంకో పక్క నుంచి దారి ఉన్నట్టే ఉంది గానీ సందు ఇరుకు, అటు నా చీమ, ఇటు రాణి పక్కనున్న బిళ్ళ, మధ్యలోంచి ఏదీ జారి రాలేదు. అక్క తన చీమను వేలితో అక్కడిదాకా తెచ్చి, నెట్టి చూసి, "అబ్బా, పట్టట్లేదురా" అని వెనక్కి పెట్టేసింది. నేను లోపల్లోపల పండగ చేసుకున్నాను. తను ఓ రెండు నిమిషాలు ఆలోచించి ఒక మిడతను సంచిలోంచి తీసి ఎక్కడో అవతలి వైపు, నా రాణికి ఆ ఖాళీ ఎటుందో దానికి నేరుగా వ్యతిరేకపు దిక్కులో, నా రాణిని ఆనుకుని ఉన్న తన ఇంకో చీమ వెనకాల దించింది. దిక్కుతోచక ఏదో ఒకటి దించిందిలే అనుకున్నాను. బల్ల మీద నాది ఇంకో చీమ ఖాళీగా ఉంది, దాన్ని తీసుకెళ్ళి తన రాణి మీద దాడికి పెట్టాను, ఇంకొక్క ఎత్తు దొరికితే గెలుపు నాదే. తన వంతు వచ్చింది. మిడత ఎగిరి, తన చీమ మీదుగా, నా రాణి నెత్తి మీదుగా, నేను అంత కష్టపడి కాపాడుకున్న ఆ ఖాళీలో వాలింది. "నీ రాణి మీంచే దూకాన్రా" అంది. ఆ గీత అంతసేపు నా ముందే తిన్నగా ఉంది, మిడత, చీమ, రాణి, ఖాళీ. దాడికి పంపిన ఆ చీమనే మిడత వెనక్కి పంపి తోక పట్టుకుని ఉంటే అది అక్కడే ఉండిపోయేది.

చుట్టూ మూసుకుపోయిన గుంటలోకి చీమ రాలేదు, సాలీడు రాలేదు, మిడత వస్తుంది, పెంకుపురుగు వస్తుంది. దీన్ని రూల్స్ కాయితంలో చదివి తలూపినవాణ్ణే నేను. ఒంటబట్టడానికి ఆ ఆట ఓడాల్సి వచ్చింది.

వస్తువుగా చూస్తే హైవ్ అంటే నాకు ముచ్చట. బిళ్ళలు బేకలైట్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసినవి, చేతిలో బరువుగా ఉంటాయి, ఒకదానికొకటి ఆనినప్పుడు టక్కుమని ఒక చప్పుడు. ఆలోచిస్తున్నప్పుడు రెండు బిళ్ళలను చేతిలో పెట్టుకుని టకటకలాడించే దురలవాటు నాకు పట్టుకుంది, అక్క తిట్టినా పోలేదు. తడిసినా భయం లేదు, గాలికి ఎగిరిపోవు, కాయితం, అట్ట ఏదీ లేదు కాబట్టి చిరగవు. బోర్డు మోయక్కర్లేదు, చదునుగా కాస్త జాగా ఉంటే చాలు, రైల్లో, ఎవరి కోసమో ఎదురుచూస్తూ వరండాలో, ఎక్కడైనా పరిచెయ్యొచ్చు. రెండేళ్ళలో నా సెట్టు చెక్కుచెదరలేదు, ఒక మిడత సోఫా కింద రెండు నెలలు అజ్ఞాతవాసం చేసి వచ్చింది, అంతే, అది నా తప్పు. ఆ రెండు నెలలూ దాని బదులు సీసా మూత పెట్టి ఆడాం, గుండ్రటి మూత పక్కన ఇరుకు సందు, వెడల్పు సందు అన్న తేడా తెలియదు, ఏ బిళ్ళయినా దూరిపోతుంది, ఆ రెండో నియమానికి ఆరు పలకలు ఎంత అవసరమో అప్పుడు తెలిసింది.

చిరాకు పెట్టేది ఒకటుంది. బోర్డు లేకపోవడం వల్ల పట్టు ఒక చోట నిలవదు. ఒక వైపు కొత్త బిళ్ళలు చేరుతూ, ఇంకో వైపు నుంచి లేచి వెళ్ళిపోతూ, ఆట నడుస్తున్నకొద్దీ మొత్తం పట్టు టేబుల్ అంచు వైపు పాక్కుంటూ పోతుంది. చిన్న బల్ల మీద ఆడుతుంటే మధ్యలో ఇద్దరూ లేచి అరచేతులు అడ్డం పెట్టి మొత్తం ముద్దను మెల్లగా ఇవతలికి నెట్టాలి, ఒకటి పక్కకి తిరిగిందంటే అది ముందు దేన్ని తాకుతూ ఉందో అని తగవు. నున్నటి గాజు బల్ల మీద మరీ కష్టం, మోచెయ్యి తగిలితే ఆట గోవిందా. మేము ఇప్పుడు కింద మందపాటి బట్ట పరుస్తున్నాం. దుప్పటి మీద మాత్రం వద్దు, బిళ్ళలు ఒరిగిపోతాయి.

అదనపు బిళ్ళలు మూడున్నాయి. 2007లో దోమ, 2010లో అక్షింతల పురుగు, 2013లో పిల్‌బగ్. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి చొప్పున వస్తాయి. దోమ కదిలేముందు ఏ బిళ్ళను తాకుతూ ఉంటే దానిలా కదులుతుంది, చీమ పక్కనుంటే చీమ, మిడత పక్కనుంటే మిడత, ఎదుటివాళ్ళవైనా సరే. సరదాగా ఉంటుంది, కానీ కొత్తవాళ్ళకి దీనితో బుర్ర తిరుగుతుంది, ఎదుటివాళ్ళ దోమ ఇప్పుడు ఏమేం కాగలదో ప్రతి ఎత్తుకీ చూసుకోవాలి. అక్షింతల పురుగు రెండు గడులు పట్టు పైన నడిచి మూడో గడికి కిందికి దిగుతుంది. మూసుకున్న గుంటల్లోకి దిగడానికి ఇది మిడత కంటే సులువు, తిన్నటి గీత అక్కర్లేదు. నాకు మూడింట్లో ఇదే ఇష్టం.

పిల్‌బగ్ గురించి మా ఇంట్లో రెండు పార్టీలు. ముట్టుకుంటే ఉండలా చుట్టుకుపోతుంది చూడండి, ఆ పురుగు. ఇది రాణిలా ఒక్క గడే కదులుతుంది. అసలు మహిమ వేరే, తను కదలకుండా పక్కనున్న ఒక బిళ్ళను ఎత్తి, తన మీదుగా దాటించి, తన పక్కనే ఉన్న ఇంకో ఖాళీలో పెట్టగలదు. సొంతదైనా సరే, ఎదుటివాళ్ళదైనా సరే. ఇప్పుడే కదిలినదాన్ని ఎత్తకూడదు, పట్టు తెగేలా ఎత్తకూడదు, అలా ఎత్తి పెట్టినది వెంటనే వచ్చే వంతులో కదలదు. దీన్ని రాణి పక్కన పెట్టుకుంటే రాణికి అంగరక్షకుడు దొరికినట్టే, ఐదు వైపులా మూసినా ఎత్తి అవతల పడేస్తుంది. పోటీల స్థాయిలో ఆడేవాళ్ళు చాలామంది మూడూ కలిపే ఆడతారు, ఎందుకో అర్థమైంది, మామూలు సెట్టులో మొదట దాడి అందుకున్నవాళ్ళది ఒక్కోసారి మరీ పైచేయి అయిపోతుంది, పిల్‌బగ్ ఉంటే రెండోవాళ్ళకి ఊపిరి ఉంటుంది. అక్కకి అది లేకపోతే ఇప్పుడు ఆటే ఆడబుద్ధి కాదు. నాకు మాత్రం, ఇరవై నిమిషాల్లో తేలాల్సింది గంట సాగుతోంది. పైగా ఎంతో కష్టపడి ముట్టడించిన రాణిని ఒక్క చేత్తో తీసి అవతల పెడుతుంటే నా ఒళ్ళు మండుతుంది. తను దాడి చేసేటప్పుడు నా పిల్‌బగ్ అదే పని చేస్తే మాత్రం నాకు భలే ఉంటుంది, అది వేరే విషయం.

మొదటి ఇరవై ఆటలు అదనాలు లేకుండా ఆడండి. ఇది గట్టిగా చెప్తున్నాను. సంచిలో ఉన్నాయి కదా అని మొదటి రోజే దోమను దించితే, తోక పట్టుకోవడం, సందు మూయడం లాంటివి కళ్ళకి కనబడవు, ఏది ఎలా కదులుతుందో గుర్తుపెట్టుకోవడంతోనే సరిపోతుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. కాస్త తెలిసినవాడికీ అసలు తెలియనివాడికీ మధ్య తేడా ఈ ఆటలో దారుణంగా ఉంటుంది. ఓ యాభై ఆటలాడినవాళ్ళతో కొత్తవాళ్ళు కూర్చుంటే పది నిమిషాల్లో బిళ్ళలన్నీ బిగుసుకుపోయి, ఏం చేయాలో తెలియక, ఏం తప్పు చేశామో కూడా తెలియక ఓడిపోతారు. అలా ఓడిన స్నేహితుడొకడు మళ్ళీ దాని ముఖం చూడలేదు. గో ఆటలో అయితే బలహీనులకి ముందే కొన్ని రాళ్ళు పెట్టించి సరిచేసే ఏర్పాటు ఉంది, దీనికి అలాంటిది రూల్స్‌లో లేదు. మేము సొంతంగా ఒకటి పెట్టుకున్నాం, కొత్తవాళ్ళతో ఆడేటప్పుడు మేము ఒక చీమను సంచిలోనే వదిలేస్తాం, ఇంకా తేడా ఉంటే రెండు. బాగానే పనిచేస్తోంది. ఇంకోటి, ఒక్కోసారి ఇద్దరూ పంతం వదలరు, తను అటు, నేను ఇటు, మళ్ళీ తను అటు, అవే రెండు ఎత్తులు గానుగెద్దులా తిరుగుతాయి. డ్రా అని ఒప్పుకోవాలి. రెండు రాణులూ ఒకే ఎత్తుతో మూసుకుపోయినా డ్రానే, అది మాకు ఒక్కసారే జరిగింది, అప్పుడు మాత్రం ఇద్దరం చప్పట్లు కొట్టాం.

ఇది వాతావరణం తేలిగ్గా ఉంచే ఆట కూడా కాదు. మొదటి పది ఎత్తులు కబుర్లు చెప్పుకోవచ్చు, ఆ తర్వాత ఇద్దరూ నోళ్ళు మూసుకుంటారు. నవ్వుకుంటూ కాలక్షేపం చేద్దామనుకునేవాళ్ళకి, నలుగురు కూర్చునే చోటికి ఇది పనికిరాదు. చెస్‌లో పుస్తకాలు తిరగేసే ఓపిక లేక మానేసినవాళ్ళకి మాత్రం ఇది సరిగ్గా సరిపోతుంది, ఆ రకం జ్ఞానం దీనికీ ఉంది గానీ మామూలు ఇళ్ళల్లో ఆడుకునేవాళ్ళకి అది అడ్డం రాదు, మూడో ఎత్తుకే ఆట ఎప్పుడూ చూడని ఆకారంలోకి వెళ్ళిపోతుంది.

కొనేటప్పుడు గందరగోళం లేకుండా ఒక మాట. మామూలు సెట్టులో పురుగులకి రంగులుంటాయి, చీమ నీలం, మిడత ఆకుపచ్చ, ఇలా. హైవ్ కార్బన్‌లో రంగులుండవు, అంతా తెలుపు నలుపే, చూడ్డానికి అందంగా ఉంటుంది, కానీ ఒక్క చూపులో చీమలు ఎక్కడెక్కడున్నాయో పట్టుకోవడానికి నాకు రంగులే మేలు. హైవ్ పాకెట్ బిళ్ళలు చిన్నవి, దోమా అక్షింతల పురుగూ అందులోనే వస్తాయి, ప్రయాణాలకి అదే మంచిది, పెద్దవాటి బరువూ టక్కుమనే చప్పుడూ మాత్రం ఆ మేరకు తగ్గుతాయి. కార్బన్‌లోనూ ఆ రెండూ ఉంటాయి, పిల్‌బగ్ విడిగా కొనుక్కోవాలి. అసలు డబ్బు పెట్టేముందు రుచి చూడాలంటే బోర్డ్ గేమ్ అరీనా అనే వెబ్‌సైటులో ఆన్‌లైన్లో ఆడొచ్చు, అక్కడ కదలకూడని బిళ్ళను అదే కదలనివ్వదు కాబట్టి నియమాలు త్వరగా వంటబడతాయి. నేను మాత్రం తెర మీద ఆడితే ఇంకా ఘోరంగా ఆడుతున్నాను. సందు పడుతుందో లేదో వేలితో నెట్టి చూసుకునే అలవాటైపోయింది, మౌస్‌కి ఆ సంగతి తెలియదు.